నాలుగు మిల్లీమీటర్ల చెక్క

ప్రత్యేక అవసరాలున్న పిల్లలకు చదువు చెప్పే టీచర్ల శిక్షణ తరగతిలో ఒక టీచరమ్మ అడిగారు: "చూపు లేదు, చేతులు సరిగా కదలవు. అలాంటి పిల్ల చెయ్యి మనమే పట్టుకుని వస్తువు తాకిస్తే పోలా సార్? దీనికింత వడ్రంగం దేనికి?"

డెన్మార్క్‌కు చెందిన లిల్లీ నీల్సన్ జన్మంతా తగువు పడింది ఈ మాటతోనే. 1926లో పుట్టిందావిడ. ఏడుగురు సంతానంలో నలుగురికి చూపు లేని ఇల్లు. పెద్దయ్యాక కలుంద్‌బోర్ ఊళ్లోని అంధ బాలల సంస్థలో పనిచేసింది. ఆవిడ వాదన సూటిగా ఉంటుంది: పట్టుకుని తాకిస్తే పిల్లకు తెలిసేది మన పట్టు, వస్తువు సంగతి తర్వాత. కొందరు పిల్లలైతే ఎవరు చెయ్యి అందుకోబోయినా గుప్పిట బిగించేస్తారు.

చూపున్న పాప నాలుగైదు నెలలకే కళ్లెదుట ఊగేదాన్ని అందుకోబోతుంది. ఆశ పుట్టించేది కన్ను. చూపు లేని పాపకు గిలక చప్పుడు వినిపించినా, ఆ చప్పుడు చేసే వస్తువొకటి అక్కడ ఉందని తట్టి చెయ్యి చాపేసరికి ఏడాది కావస్తుంది. ఈలోగా చేతిలోంచి జారిన బొమ్మ లోకంలోంచే మాయమైనట్టు లెక్క. ఒంట్లో కదలికే తక్కువైన పిల్లకు ఆ ఏడాది ఎన్నేళ్లకు సాగుతుందో చెప్పలేం. అందుకని నీల్సన్ రెండు సాధనాలు చేసింది: ఒకటి కింద పరిచే ప్రతిధ్వని పలక, రెండోది దాని మీద నిలబెట్టే చిన్న గది.

నాకు ప్రాణం పలకంటేనే. వర్ణిస్తే ఏమీ ఉండదు. నాలుగు మిల్లీమీటర్ల బర్చ్ ప్లైవుడ్, అటూ ఇటూ సుమారు 150 సెంటీమీటర్లు, అడుగున అంచుల వెంట రెండు సెంటీమీటర్ల ఎత్తు బద్దె. అంతే. బరువు ఆరు కిలోలకు అటూ ఇటూ. కిటుకంతా మందంలో ఉంది. పలక బిరుసు దాని మందం ఘనాన్ని బట్టి పెరుగుతుంది. ఎనిమిది మిల్లీమీటర్ల చెక్క తెచ్చారంటే వంచడానికి ఎనిమిది రెట్ల బలం కావాలి. మడమ రవ్వంత కదిపే పిల్ల దగ్గర అంత బలం ఎక్కడిది? పల్చటి చెక్కయితే ఆ రవ్వంతకే వంగుతుంది, ఆ వంపు అలలా నలుమూలలకూ పాకుతుంది. వీణ తీగను ఒట్టి గాలిలో మీటితే చెవికి ఆనదు, ఎందుకంటే సన్నటి తీగ పక్కనుంచి గాలి తప్పుకుంటుంది. అదే తీగ అదురుకు వీణ కుండ మీది పలక కదిలితే గాలి తప్పుకోలేదు. ఇక్కడ తీగ స్థానంలో ఉన్నది పిల్ల మడమ. అంచు బద్దె వల్ల చెక్క నేలకు అతుక్కోకుండా గాలి మీద నిలబడుతుంది. పలక మీద బొంత పరిచామా, పని పాడు.

శబ్దం చెవికి చేరడం సగం కథే. అదే అదురు చెక్కలోంచి వీపుకూ మోచేతులకూ తలకూ ఎక్కుతుంది. మన అరచేతుల్లో, అరికాళ్లలో, కీళ్ల చుట్టూ పచినియన్ కణికలని ఉంటాయి. సెకనుకు రెండు మూడు వందల సార్లు వచ్చే అదురును అవి అన్నిటికంటే బాగా పసిగడతాయి. వేలి కొసన మైక్రాన్‌లో పదో వంతు కదలిక చాలు. వినికిడి లేని పిల్లకు కూడా తన తన్ను తనకు తిరిగొస్తుంది. నేను కదిలాను, ఏదో అయింది, మళ్లీ కదులుతాను.

చిన్న గది దీనికి తోడు. పిల్ల తలా చేతులూ పట్టేంత పెట్టె. పైకప్పు చిల్లుల అక్రిలిక్ పలక. చిల్లుల్లోంచి ఎలాస్టిక్ తాళ్లతో స్టీలు చెంచా, తాళాల గుత్తి, గజ్జెలు, గరుకు బ్రష్షు వేలాడతాయి. లాగి వదిలితే వస్తువు తన చోటికే పోతుంది. నిన్న ఎడమన ఉన్న చెంచా ఇవాళా ఎడమనే. జారిపోవడమన్నది లేని లోకంలో "అక్కడ" అనేది ఒకటుందని తెలుస్తుంది. గోడలు ముప్ఫై సెంటీమీటర్ల దూరంలో ఉంటే కూత రెండు మిల్లీసెకన్లలోపే తిరిగొస్తుంది. విడిగా ప్రతిధ్వనిలా కాక సొంత గొంతే నిండుగా మారినట్టు వినిపిస్తుంది. పిల్ల పనిలో ఉండగా పెద్దలు నోరు మెదపకూడదని నీల్సన్ షరతు. "మా బంగారమే!" అన్నామా, పిల్ల ధ్యాస చెంచా మీంచి మన మీదికి మళ్లుతుంది. మన ఇళ్లలో అన్నిటికంటే కష్టమైన నియమం ఇదే!

1970లలో నెదర్లాండ్స్‌లోని ఎడె పట్టణంలో హుల్సెగె, ఫెర్హ్యుల్ అనే ఇద్దరు వేరే దారి పట్టారు. దాని పేరు స్నూజెలెన్: మసక వెలుతురు గది, బుడగల గొట్టాలు, మెరిసే ఫైబర్ తీగలు, మెత్తటి సంగీతం. బెదిరిన పిల్లకు అది ఊరటే, కాదనను. కాకపోతే ఆ బుడగల స్విచ్చి తరచూ పెద్దల చేతిలో ఉంటుంది. తర్వాత స్విచ్చిని పిల్ల దగ్గరికే తెచ్చినవాళ్లున్నారు, అది మంచి పని. అయినా నా ఓటు చెక్కకే. ఇక్కడ మోటారు పిల్లే.

మిగతా చరిత్ర గబగబా చెప్పేయొచ్చు: 1988లో నీల్సన్‌కు డాక్టరేటు, పిల్లను నిలువుగా వేలాడదీసి కాళ్లు ఆడనిచ్చే హాప్సా డ్రెస్సు, స్ప్రింగుల మీద కదిలే ఎసెఫ్ బోర్డు, దేశదేశాల్లో శిక్షణలు. ఆవిడ 2013లో పోయింది.

ఇక మన దగ్గర చేయించేవాళ్ల కోసం. యూరప్ బర్చ్ ప్లై చాలావరకు అయిదడుగుల చదరంగా వస్తుంది, బహుశా ఆ 150 సెంటీమీటర్ల కొలత అందుకేనేమో. మన డిపోలో దొరికేది ఎనిమిది బై నాలుగు. నాలుగడుగుల చదరాలుగా కోయించండి, షీటుకు రెండు పలకలొస్తాయి. చిన్న పిల్లలకు చాలు. అంచులు నున్నగా రుద్దించండి. గదిలో కట్టే వస్తువులు నోటికి అందినా ఊడి రాకూడదు, తాడు మెడకు చుట్టుకునేంత పొడవుండకూడదు, పిల్లను ఒంటరిగా వదలకూడదు. మేస్త్రి మాత్రం తప్పకుండా అంటాడు, "ఇంత పల్చటిది నిలవదండీ, మధ్యలో అడ్డ బద్దె కొడతా" అని. కొట్టనివ్వకండి.