ప్రేమగీతము – స్పానిషు పదములు



పరభాషా పదములను పట్టికలుగా వ్రాసికొని వల్లించువారు పలువురు కలరు. అట్లు నేర్చిన మాట పరీక్షనాఁటికి నిలుచును; పలుకవలసిన వేళకు జాఱిపోవును. మన పెద్దలు అమరకోశమును శ్లోకములుగా కంఠస్థము చేయించిరి. లయ మఱపునకు అడ్డుకట్ట గదా! స్పానిషు నేర్వఁగోరువారికి ప్రేమగీతము అట్టి సాధనమే. అయితే పాడుట వేఱు, పదమును విడఁదీసి తెలిసికొనుట వేఱు. రెండవది లేనిచో నోటికి పాట వచ్చును గాని భాష రాదు.

మెక్సికో దేశపు ప్రసిద్ధగీతమగు ‘సియెలితో లిందో’ను గైకొందము. దీనిని కీరినో మెందోసా ఇ కోర్తెస్ 1882లో రచించెనందురు. నల్లని కన్నుల వనితను గూర్చిన పాట యిది. దీని పేరులోని రెండు మాటలే మనకు మూడు పాఠములు చెప్పును.

‘సియెలో’ యనఁగా ఆకాశము, స్వర్గము. ప్రియమైనవారిని పిలుచు మాటయు నదియే. ఇది మొదటి పాఠము.

దానికి ‘ఇతో’ ప్రత్యయము చేరఁగా ‘సియెలితో’ యైనది. ఈ ప్రత్యయము చిన్నతనమును జెప్పును, ముద్దును జెప్పును. ‘అబుయెలా’ యనఁగా అవ్వ. ‘అబుయెలితా’ యనఁగా పొట్టి అవ్వ యని కాదు, ప్రియమైన అవ్వ యని. సంస్కృతమున ‘పుత్ర’ శబ్దము ‘పుత్రక’ యైనప్పుడు వాత్సల్యము తోఁచుట లేదా? ఇది రెండవది.

‘లిందో’ యనఁగా అందమైన. తెలుఁగున విశేషణము ముందు వచ్చును. స్పానిషున తఱచుగా వెనుక వచ్చి, సంస్కృతమునందువలె విశేష్యముయొక్క లింగము ననుసరించును. పాట స్త్రీని గూర్చినదైనను ‘సియెలితో’ పుంలింగ మగుటచే ‘లిందా’ గాక ‘లిందో’ వచ్చినది. భార్యను దెలుపు ‘దార’ శబ్దము పుంలింగమని చదివినవారికి ఇది వింత కాదు.

ఇఁక పల్లవిలో రెండు క్రియలు కలవు: ‘కంతార్’, పాడుట, ‘యోరార్’, ఏడ్చుట. రెండవదానిని వ్రాఁతలో రెండు లకారములతో మొదలిడుదురు. మెక్సికోలో యకారముగా పలుకుదురు. కావున చెవితో వినుచు కంటితో చదువవలెను. ‘కంతా’ యనిన పాడుము. ‘నో కంతెస్’ యనిన పాడకుము. ‘నో’ చేరుటయే గాక క్రియారూపమును మాఱినది. మన ‘పాడుము’, ‘పాడకుము’ అనువానియందును రూపభేద మున్నది గదా!

అయినను పాటలోని మాటను పాటలోనే విడువరాదు. దానితో మీ వాక్యములు మీరు కూర్చుకొనుఁడు: ఆకాశము నిర్మలముగా నున్నదనియు, మా అవ్వ పాడుననియు. ప్రియురాలిని పిలిచిన మాటతో చనువు లేనివారిని పిలువరాదనియు గుర్తెఱుఁగుఁడు. పది పాటలు పైపైని పాడుటకంటె ఒక్క పాటను పదపదముగా నెఱుఁగుట మేలు.