కోళ్ళగూటి దొంగ
పోయిన సంక్రాంతి ముందు, ఒక్క రాత్రిలో మా పెరటి గూట్లో రెండు పెట్టలు మాయమయ్యాయి. "ముంగిస పనే! విషం పెట్టరా," అన్నాడు బాబాయి.

కాని ముంగిస పగటి దొంగ. చీకటి పడితే బొరియ చేరుతుంది. అనుమానం వచ్చి గూటి చుట్టూ బూడిద చల్లాను. తెల్లారి చూద్దును కదా, గుండ్రని అడుగులు! ఇంటి పిల్లివాటి కన్న పెద్దవి. గోళ్ళ జాడ లేదు. అడవిపిల్లి!

విషం పెడితే ముందు తినేది మా కుక్కే. పైగా 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం దాన్ని చంపనివ్వదు. చెదపట్టిన తలుపు మార్చాను. చుట్టూ అరంగుళం కన్నుల ఇనుపవల బిగించి, అంచు అడుగు లోతున పాతాను. మళ్ళీ కోడి పోలేదు.

"దాని ఆకలి దానిది, మన గడియ మనది," అంది అమ్మ.