రెండు వీధులకు ఒకే పేరు

మాది సైనిక్‌పురి. కింది వాటాలో నాన్నగారు, పై వాటాలో మేము. నాన్నగారు సైన్యంలో సిగ్నల్సు శాఖలో సుబేదారుగా చేసి రిటైరయ్యారు. ఎనభై రెండేళ్లు, గుండె జబ్బు. అయినా, తన గదిలో ఎవరూ పడుకోనక్కరలేదని పట్టు. చివరికి మంచానికి ఎదురుగా కెమెరా పెట్టి, పైనుంచి ఫోనులో చూసుకునేటట్టు రాజీ కుదిరింది. ఇంట్లోని నంబరుతోనే తెరుచుకునే కెమెరా అది.

మేడమీదికి వైఫై సరిగా అందడంలేదని మరో రూటరు కొన్నాను. కింది రూటరునుంచి తీగలాగి దీనికి తగిలించాను. ఫోనులో గుర్తు నిండుగా వెలిగింది. ఇంటర్నెట్టు లేదు, కెమెరా లేదు! ఆ రాత్రి గంటగంటకూ మెట్లు దిగి, నాన్నగారి ఊపిరి చూసి వచ్చాను.

తెల్లవారాక ఆయనే అడిగారు: “రెండు రూటర్ల నంబర్లూ చదవరా.”

చదివాను. రెండూ 192.168.1.1!

“రెండు పటాలాలకు ఒకే నంబరిస్తే టపా ఎక్కడికి పోతుందిరా?” అన్నారు.

అదీ రహస్యం. 1981లో స్థిరపడిన పద్ధతి ప్రకారం ప్రపంచం మొత్తానికీ ఉన్న నంబర్లు సుమారు 429 కోట్లు. కేంద్ర నిల్వ 2011 ఫిబ్రవరిలోనే ఖాళీ అయింది. కాని 1996లోనే ఇళ్లకూ ఆఫీసులకూ లోపలి వాడకానికని మూడు వరసలు ప్రత్యేకించారు. 192.168తో మొదలయ్యేవి అందులో ఒకటి. లక్ష ఇళ్లలో అదే నంబరున్నా చిక్కులేదు. ఒకే ఇంట్లో రెండు రూటర్లకుంటేనే చిక్కు.

నంబరు పక్కన 255.255.255.0 అని ఉంటుంది. మొదటి మూడు అంకెలూ వీధి పేరు, చివరిది ఇంటి నంబరు అని దానర్థం. 0 నుంచి 255 దాకా 256. మొదటిది వీధికే గుర్తు, చివరిది వీధంతటికీ దండోరా; మిగిలినవి 254 గుమ్మాలు. 192.168.1.20లో ఉన్న కెమెరాను నా ఫోను తన వీధిలోనే ఉందనుకుని మేడమీదే వెదికింది. గడప దాటితే కదా, దొరికేందుకు!

ఇక వైద్యం. ముందు తీగ ఊడదీశాను. ఫోనులో 192.168.1.1 కొట్టి, పాస్‌వర్డుతో పై రూటరులోకి వెళ్లి, లోపలి నంబరును 192.168.2.1గా మార్చాను. తనంతట తాను పంచే నంబర్లను 100 నుంచి 199 వరకని గిరిగీశాను. కింది రూటరుకూ అదే గిరి. కెమెరాది 20 గనుక ఆ నంబరు మరొకరికి పోదు. రూటర్లు తిరిగి లేచాక తీగ తగిలించాను. మీరూ ఇలా మారిస్తే కొత్త నంబరు కాగితంమీద రాసుకోండి. ఇకమీదట ఆ గుమ్మంగుండానే లోపలికి దారి.

ఆ రాత్రి పది గంటలకు ఫోను తెరిచాను. నాన్నగారు మంచంమీద కూర్చుని, కెమెరావైపు తిరిగి సెల్యూట్ కొట్టి, దీపం ఆర్పారు. నేనూ పడుకున్నాను.