సింహగిరి దిగి సాగరతీరానికి

సింహాచల స్థలపురాణంలో కొండకూ కడలికీ విడదీయరాని బంధం ఉంది. హిరణ్యకశిపుని ఆజ్ఞ మేరకు భటులు ప్రహ్లాదుని సముద్రంలోకి త్రోసి, పైన కొండను పడవేయగా, శ్రీమన్నారాయణుడు వచ్చి ఆ బాలుని కాపాడాడనీ, ఆ కొండయే సింహగిరి అనీ పెద్దలు చెబుతారు. నేడు శ్రీ వరాహలక్ష్మీనృసింహస్వామిని దర్శించుకున్న భక్తులలో అనేకులు కొండ దిగిన వెంటనే అడిగే మొదటి ప్రశ్న, సముద్రానికి దారి ఎటు అని. వారిలో సముద్రాన్ని జీవితంలో మొదటిసారి చూడబోయేవారు ఎందరో ఉంటారు. ఏటిలోనూ కోనేటిలోనూ స్నానం చేసిన అనుభవంతోనే వారు అలలలోకి దిగుతారు. ఆ అనుభవం ఇక్కడ పనికిరాదన్న సంగతి ముందుగా తెలియాలి. విశాఖ నుండి భీమునిపట్నం వరకు చూడదగినవి ఎన్ని ఉన్నాయో, జాగ్రత్త వహించవలసినవీ అన్ని ఉన్నాయి. ఆ రెండింటికీ మూలం ఒకటే: ఇక్కడ కొండలు సముద్రం దాకా వచ్చాయి.

మన కోస్తాలో కృష్ణా గోదావరుల ముఖద్వారాల వద్ద నేల చదునుగా సాగి, ఎక్కడ భూమి ముగిసిందో ఎక్కడ నీరు మొదలైందో తెలియనట్లుగా సముద్రంలో కలుస్తుంది. విశాఖ వద్ద అలా కాదు. తూర్పుకనుమలు ఇక్కడ తీరానికి చేరువగా వస్తాయి. ఉత్తరాన సింహాచలం, కైలాసగిరి గల శ్రేణి, దక్షిణాన యారాడ కొండల శ్రేణి, నడుమ లోయలో నగరం, ఓడరేవు. యారాడ శ్రేణి కొస నీటిలోకి ముక్కువలె పొడుచుకొని వచ్చినందున దానికి డాల్ఫిన్ నోస్ అని పేరు వచ్చింది. ఈ కొండలలో అధికంగా ఉన్నది ఖొండలైట్ శిల. తూర్పుకనుమలలో నివసించే ఖోండు గిరిజనుల పేరుమీదుగా దానికి ఆ పేరు పెట్టారు. ఎండకు, వానకు, ఉప్పుగాలికి ఆ రాయి క్రమంగా శిథిలమై ఎర్రమట్టిగా, ఇసుకగా మారుతుంది. తీరమంతటా నీటి అంచున బండలు, వాటి నడుమ చిన్న చిన్న ఇసుక తిన్నెలు ఏర్పడడానికి కారణం అదే.

ఆషాఢ శుద్ధ చతుర్దశినాడు జరిగే గిరిప్రదక్షిణ ఈ భూస్వరూపాన్ని కాలినడకన తెలుసుకొనే అవకాశం. అడివివరంలోని తొలిపావంచా వద్ద కొబ్బరికాయ కొట్టి బయలుదేరిన భక్తులు సుమారు 32 కిలోమీటర్లు నడుస్తారు. కొండను కుడివైపున ఉంచుకొని హనుమంతవాక దాటేసరికి సముద్రపు గాలి తగులుతుంది. అప్పూఘర్, జోడుగుళ్ళపాలెం వద్ద తీరానికి చేరి, అనేకులు అక్కడ సముద్రస్నానం చేసి నడక కొనసాగిస్తారు. మరునాడు పూర్ణిమకు స్వామివారికి ఆ సంవత్సరపు నాలుగవ విడత చందన సమర్పణ జరుగుతుంది. ఈ ప్రదక్షిణ మహిమ గురించి మన పత్రికలో ఎన్నోసార్లు వచ్చింది. ఆ స్నానఘట్టం గురించి మాత్రం కొంత వివరంగా చెప్పుకోవలసి ఉంది.

ఆషాఢమంటే నైరుతి ఋతుపవనాల కాలం. అలలు ఉధృతంగా ఉండే మాసం. పైగా పూర్ణిమ, అమావాస్యలకు ఆటుపోట్ల తేడా ఎక్కువ; విశాఖ వద్ద ఆ తేడా సుమారు ఒకటిన్నర మీటరు ఉంటుంది. కాబట్టి స్నానానికి పుణ్యప్రదమైన తిథి, సముద్రం బలంగా కదలాడే తిథి ఒకటే అవుతున్నాయి. కార్తిక, మాఘ పూర్ణిమలకూ ఈ మాట వర్తిస్తుంది. ఆశ్వయుజ కార్తికాలలో దీనికి తుఫానుల భయం తోడవుతుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను ఈ నగరం మీదనే తీరం దాటింది. 2020 అక్టోబరులో వాయుగుండం సమయాన ‘మా’ అనే బంగ్లాదేశ్ సరుకు ఓడ లంగరు నిలువక తెన్నేటి పార్కు వద్ద బండలపైకి కొట్టుకువచ్చింది. అంతటి ఓడను త్రోసిన నీటికి మనిషి ఎంతటివాడు!

అయితే ప్రాణాలు తీసేది ఎప్పుడూ పెద్ద అలయే కాదు. పెద్ద అలను చూచి ఎవరైనా వెనుకకు తగ్గుతారు. ప్రమాదమంతా ప్రశాంతంగా కనిపించే నీటిలో ఉంది. అలలు ఒడ్డుకు తెచ్చిన నీరు తిరిగి లోనికి పోవాలి కదా. ఆ నీరు ఒడ్డు వెంబడి ప్రక్కకు పారి, ఇసుక మేటల నడుమ పల్లం దొరికినచోట, లేదా బండకు తగిలి మళ్ళినచోట, ఒక సన్నని ఏరువలె లోపలికి పరుగెత్తుతుంది. దీనిని రిప్ కరెంట్ అంటారు. ఆ పాయ ఉన్నచోట లోతు ఎక్కువ గనుక అలలు అక్కడ విరగవు. ఇరుప్రక్కలా తెల్లని నురుగు, నడుమ మాత్రం నల్లగా నిలకడగా ఉన్న నీరు. పిల్లలను, వృద్ధులను తీసుకొని వచ్చిన కుటుంబం సహజంగా ఆ నిలకడ నీటినే ఎంచుకుంటుంది. పొరపాటు అక్కడే జరుగుతోంది. ఆ పాయ వేగం ఒక్కొక్కప్పుడు సెకనుకు రెండు మీటర్లను మించగలదు. ఆరితేరిన ఈతగాడు కూడా దానికి ఎదురీదలేడు. బండలు విస్తారంగా ఉన్న తీరంలో ఇటువంటి పాయలు బండల ప్రక్కనే తరచుగా ఏర్పడతాయి. జోడుగుళ్ళపాలెం, యారాడ తీరాలు ప్రమాదకరమైనవని పేరుపడడానికి కారణం ఏ దుష్టశక్తీ కాదు. నీటి నడక మాత్రమే.

ఆ పాయలో చిక్కినవారు మొదట తెలుసుకోవలసినది, అది మనిషిని లోనికి లాగుతుందే గాని అడుగుకు ముంచదు. ఒడ్డువైపు ఎదురీది అలసిపోవడం వల్లనే ఎక్కువమంది మునిగిపోతారు. వెల్లకిలా తేలుతూ, చేయి ఎత్తి సహాయం కోరుతూ ఉండాలి. ఈత వచ్చినవారు ఒడ్డుకు సమాంతరంగా ప్రక్కకు ఈది, నురుగు విరిగే చోటికి చేరితే, అలలే తిరిగి ఒడ్డుకు తెస్తాయి. ఒడ్డున ఉన్నవారు తొందరపడి నీటిలో దూకరాదు. ఒకరిని కాపాడబోయి ఇద్దరు ముగ్గురు పోయిన ఇళ్ళు ఎన్నో. తాడు, ఖాళీ నీళ్ళ డబ్బా, గాలి నింపిన ట్యూబు వంటి తేలే వస్తువు ఏది దొరికినా విసరాలి. లైఫ్‌గార్డును, సమీపంలోని జాలరులను కేకవేసి పిలవాలి. 112కు ఫోను చేయాలి. హైదరాబాదులోని భారత జాతీయ మహాసముద్ర సమాచార సేవా కేంద్రం, ఇన్‌కాయిస్, ఉధృతమైన అలల గురించి ముందుగానే హెచ్చరికలు ప్రకటిస్తుంది. పర్వదినం ముందురోజు వాటిని చూసుకొనడం పంచాంగం చూసుకొనడమంత అవసరం.

సముద్రాన్ని అన్ని రోజులలో తాకరాదనీ, పర్వదినాలలో మాత్రమే సంకల్పపూర్వకంగా స్నానం చేయాలనీ మన పెద్దలు చెప్పే ఆచారం ఒకటి ఉంది. నేడు చాలామంది దానిని మరచారు. సెలవు దొరికిన ప్రతిరోజూ జలక్రీడకు దిగవచ్చునని అనుకొంటున్నారు. ఆ కట్టుబాటు వెనుక ఉన్నది భయమో, గౌరవమో, రెండూనో చెప్పలేము గాని, సముద్రం ఆటస్థలం కాదన్న ఎరుక అందులో ఉంది. స్నానం చేయదలచినవారు లైఫ్‌గార్డులు ఉన్నచోట, మోకాలి లోతు దాటకుండా, ఒకరి చేయి ఒకరు పట్టుకొని చేయాలి. తడిసిన పంచె, చీర కాళ్ళకు చుట్టుకొని బరువెక్కుతాయని మరువరాదు. అశక్తులు చెంబుతో నీరు తెప్పించుకొని తలపై ప్రోక్షించుకొనడం కూడా సంప్రదాయ సమ్మతమే. ముప్పై రెండు కిలోమీటర్లలో సగం నడిచి అలసిన శరీరం ఎవరికైనా అశక్తమైనదే.

ఇక నీటిలో దిగకుండా ఆనందించదగినవి భీమిలి దారిలో అడుగడుగునా ఉన్నాయి. కైలాసగిరి పైనుండి తీరపు వంపును చూడవచ్చు. రోప్‌వే ఉంది, ఓపిక గలవారికి మెట్లదారీ ఉంది. ఋషికొండ తీరానికి 2020లో బ్లూ ఫ్లాగ్ గుర్తింపు లభించింది. పడవ నడపడం వంటి జలక్రీడలు నేర్పేవారు అక్కడ ఉన్నారు. లైఫ్‌జాకెట్ లేకుండా పడవ ఎక్కించేవారు ఎవరైనా ఉంటే వారిని నమ్మవద్దు. తీరానికి ఎదురుగా గుట్టపై తిరుమల తిరుపతి దేవస్థానాల వారి శ్రీ వేంకటేశ్వరస్వామి ఆలయం ఉంది. సాయంకాలం ఆ మెట్లపై కూర్చుంటే సముద్రమంతా కనిపిస్తుంది.

కొంత ముందుకు సాగితే ఎడమవైపు తొట్లకొండ. రాతిలో తొలిచిన నీటి తొట్ల వల్ల ఆ పేరు వచ్చింది. నౌకాదళం వారి సర్వేలో ఇక్కడి శిథిలాలు బయటపడగా, రాష్ట్ర పురావస్తుశాఖ 1988 నుండి త్రవ్వకాలు జరిపి స్తూపాలను, చైత్యాలను, భిక్షువుల గదులను వెలికితీసింది. శాతవాహనుల నాణేలతోపాటు రోమను వెండి నాణేలు దొరికాయి. రెండు వేల ఏళ్ళనాడు ఓడలలో వచ్చిన వర్తకులకూ కొండపై ధ్యానం చేసే భిక్షువులకూ సంబంధం ఉండేదని వీటివల్ల తెలుస్తున్నది. వానకాలంలో కొండపై పడిన నీటిని తొట్లలో నిలుపుకొని సంవత్సరమంతా వాడుకొన్న వారి నేర్పు ప్రత్యేకంగా చూడదగినది. ఉప్పునీటి ప్రక్కన బ్రతికేవానికి మంచినీటి విలువ తెలుస్తుంది.

దాని దిగువన మంగమారిపేట తీరంలో సహజ శిలాతోరణం ఉంది. అలలు రాతి బలహీన భాగాన్ని కోసివేయగా మిగిలిన కమాను అది. తిరుమల శిలాతోరణాన్ని చూసినవారికి దీనిని చూడగానే అది గుర్తుకు వస్తుంది. నీరు తీసిన సమయంలో, అంటే పాటు వేళ, దీనిని చక్కగా చూడవచ్చు. పూర్ణిమ, అమావాస్యలకు నీరు మరింత వెనుకకు పోతుంది. ఆ వేళలను స్థానిక జాలరులను అడిగి తెలుసుకొనడం మేలు. పాచి పట్టిన రాళ్ళపై కాలు నిలవదు, పోటు తిరిగి రావడానికి ఎక్కువ సేపు పట్టదు. తోరణంపైకి ఎక్కరాదు.

ఈ దారి మొత్తంలో తప్పక చూడవలసినది ఒక్కటే చెప్పమంటే ఎర్రమట్టి దిబ్బలనే చెబుతాను. భీమిలికి కొద్ది దూరం ముందు, రోడ్డు ప్రక్కనే, ఎర్రని గోడలవలె నిలిచిన ఇసుక దిబ్బలు, వాటి నడుమ వాన కోసిన వంకరటింకర లోయలు. పైపైన చూస్తే మట్టి దిబ్బలే. వాటి కథ తెలిస్తే చేతులు జోడించాలనిపిస్తుంది. సుమారు ఇరవై వేల ఏళ్ళనాటి మంచుయుగంలో భూమిపై నీటిలో చాలా భాగం మంచుగా గడ్డకట్టి, సముద్రమట్టం నేటికంటే వంద మీటర్లకు పైగా దిగిపోయింది. తీరం ఎంతో దూరం వెనుకకు జరిగి, నీటి అడుగున ఉండిన ఇసుక బయటపడింది. గాలి ఆ ఇసుకను ఒడ్డుకు ఎగురవేసి కుప్పలు పోసింది. తరువాత ఇసుకలోని ఇనుప ఖనిజాలు వాన నీటితో, గాలితో కలిసి త్రుప్పు వలె మారి ప్రతి రేణువుకూ ఎర్రని పూత పూశాయి. మంచు కరిగి సముద్రం తిరిగి వచ్చింది, దిబ్బలు మిగిలాయి. పెద్దగెడ్డ, చిట్టిగెడ్డ వంటి వాగులు, వాననీటి పాయలు నేటికీ వాటిని కోస్తూనే ఉన్నాయి. ఆదిమానవుల రాతి పనిముట్లు కూడా ఇక్కడ లభించాయి. ఇటువంటి ఎర్ర ఇసుక దిబ్బలు దక్షిణాసియాలో తమిళనాడు, శ్రీలంకలలో తప్ప వేరెక్కడా చెప్పుకోదగినంతగా లేవు. భారత భూవిజ్ఞాన సర్వేక్షణ సంస్థ 2014లో వీటిని జాతీయ భూవారసత్వ స్థలంగా ప్రకటించింది. 2025లో తిరుమల కొండలతోపాటు ఇవి కూడా యునెస్కో ప్రపంచ వారసత్వ తాత్కాలిక జాబితాలో చేరాయి.

ఈ దిబ్బలు రాయి కావు. గోటితో గీచినా రాలే ఇసుక. గోడలపైకి ఎక్కడం, పేర్లు చెక్కడం, ప్రసాదపు మట్టి అనుకొని సంచులలో నింపుకొనిపోవడం వేల ఏళ్ళ పనిని క్షణంలో పాడుచేస్తాయి. వానాకాలంలో అంచులు విరిగిపడతాయి గనుక లోయల అడుగున తిరగడం కూడా క్షేమం కాదు. శీతకాలపు ఉదయం పూట, నీళ్ళ సీసా వెంట తీసుకొని, కాలిబాట విడువకుండా ఒక గంట నడిస్తే చాలు. ఆ కాలంలోనే, జనవరి నుండి మార్చి వరకు, ఈ తీరంలోని ఇసుకలో ఆలివ్ రిడ్లీ తాబేళ్ళు రాత్రివేళ గుడ్లు పెడతాయి. కూర్మనాథుని శ్రీకూర్మంలో అర్చించే మనం ఆ గుంతలను త్రొక్కకుండా, రాత్రి దీపాలతో, చప్పుళ్ళతో ఆ జీవాలను బెదరగొట్టకుండా ఉండడం పెద్ద కష్టం కాదు.

దక్షిణాన యారాడ, అప్పికొండ తీరాలు కూడా రమణీయమైనవే. అప్పికొండలో సముద్రపు ఒడ్డున శ్రీ సోమేశ్వరస్వామి ఆలయం ఉంది. శివరాత్రి జాగరణ తరువాత అక్కడ స్నానం చేసేవారికి పైన చెప్పిన జాగ్రత్తలన్నీ వర్తిస్తాయి. నిద్ర లేని కళ్ళతో అలలోకి దిగేవారి వెంట మెలకువగా ఉన్నవారు ఒకరు తప్పక ఉండాలి.

భీమునిపట్నంలో పావురాలకొండ వాలున మరొక నృసింహాలయం ఉంది. ఆ కొండపైనా తొట్లకొండ వలెనే బౌద్ధుల శిథిలాలు, రాతి తొట్లు కనిపిస్తాయి. ఊరి చివర గోస్తనీ నది సముద్రంలో కలిసే మొగ. బొర్రా గుహల ప్రాంతంలో పుట్టిన ఆ ఏరు ఇక్కడ ఇసుక తిన్నెల నడుమ నెమ్మదిగా సాగి కడలిలో చేరుతుంది. మొగ వద్ద ఇసుక రోజురోజుకూ చోటు మారుతుంది, నిన్న మోకాలి లోతు ఉన్నచోట నేడు నిలువెత్తు ఉండవచ్చు; అక్కడ దిగరాదు. ఆలయం మెట్లపై కూర్చొని చూడవచ్చు. తెల్లవారుజామున వెళ్ళిన పడవలు చేపలతో తిరిగి వచ్చే వేళకు సూర్యుడు కొండ ఎత్తుకు వస్తాడు.