మరల మగ్గము చెంతకు - పూసల నేత

మగ్గము విడిచి ఏండ్లు గడచిన నేతరులు మీ గ్రామమునను ఉందురు. వారు మరల నేత పట్టుటకు గుంట మగ్గమే అక్కరలేదు. నాలుగు కర్రల చట్రము చాలును. వరుసకు పది పూసలైనచో పదకొండు పడుగు దారములు బిగింపవలెను. సూదిదారమున గుచ్చిన పూసలను పడుగు క్రింద నుంచి, దారముల సందులలోనికి వ్రేలితో పైకి నొక్కి, సూదిని పడుగు మీదుగా అవే పూసలలో వెనుకకు దూర్చవలెను. ఇదియే పేక. సూది పడుగు క్రిందుగా పోయినచో పూస నిలువదు. ఆరితేరిన నేతరియు మొదట ఇచ్చటనే పొరపడును.

పూసలు హెచ్చుతగ్గులైన అంచు వంకరపోవును. గొట్టముగా లాగి కోసిన గాజుపూసలకు తిరుపతి జిల్లా పాపానాయుడుపేట పేరొందినది.

ఇది వేడుకకు చేయు పని. కూలి గిట్టునని సభ్యులెవ్వరును ఆశ చూపరాదు. పంచాయతీ భవనమున వెలుతురుగల ఒక మూల చూపిన చాలును.