పోయింది మొదటి అక్షరమే

కంప్యూటర్ క్లాసులో ఒకమ్మాయి అడిగింది: "సార్, రీసైకిల్ బిన్ కూడా ఖాళీ చేసేశాక ఫైల్ ఎక్కడికి పోతుంది?" జవాబు నేను చెప్పేలోపే వెనక బెంచీ నుంచి వచ్చింది: "గాల్లో కలిసిపోద్ది!"

ఎక్కడికీ పోదు. ఉన్నచోటే ఉంటుంది. రెండు జీబీల సినిమా పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కడానికి నిమిషాలు పడుతుంది, అదే సినిమాని డిలీట్ చేయడానికి రెప్పపాటు చాలు. నిజంగా చెరపాల్సి వస్తే ఎక్కించినంతసేపూ పట్టాలి కదా!

ఒక పాత పెన్‌డ్రైవ్ తీసుకుని పిల్లల ముందే విప్పి చూపించాను. విప్పడమంటే స్క్రూడ్రైవర్‌తో కాదు, బైట్లని ఉన్నవి ఉన్నట్టు చూపించే హెక్స్ ఎడిటర్‌తో. ఆ డ్రైవ్ ఫ్యాట్ పద్ధతిలో ఫార్మాట్ అయింది. ఫ్యాట్‌లో ప్రతి ఫైలుకూ జాబితాలో ముప్పై రెండు బైట్ల పట్టీ ఒకటి ఉంటుంది. ముందు పేరు, తర్వాత తేదీ, ఫైల్ మొదలయ్యే చోటు, చివర్లో సైజు. ఇది కాక వేరే పట్టిక ఒకటుంది. పెద్ద ఫైల్ ముక్కలుగా ఉంటుంది కాబట్టి, ఈ ముక్క తర్వాత ఏ ముక్కో అందులో రాసి ఉంటుంది. 'మార్క్స్' అని ఇంగ్లిషు అక్షరాలతో పేరు పెట్టి ఒక ఫైల్ దాచాం. పట్టీలో మొదటి బైటు 77, అంటే ఎం. డిలీట్ కొట్టి మళ్లీ చూశాం. 77 ఉన్నచోట 229 వచ్చింది. మిగతా ఏ, ఆర్, కే, ఎస్ అలాగే ఉన్నాయి. సైజూ ఉంది. రెండో పట్టికలో ఆ ముక్కల గడులు సున్నాలయ్యాయి. మార్కులు మాత్రం ఒక్క అంకె కూడా చెదరలేదు. లోపల అద్దెకున్న మనిషి ఖాళీ చేయకుండానే గుమ్మానికి టు-లెట్ బోర్డు వేలాడదీసినట్టు!

ఇంతకీ 229 ఎందుకు? సున్నా పెట్టొచ్చుగా? నాకు అన్నిటికంటే ఇష్టమైన భాగం ఇదే. డెబ్బైల్లో ఐబీఎం ఎనిమిదంగుళాల ఫ్లాపీలు ఫార్మాట్ అయినప్పుడు వాటి నిండా 229 అనే బైటే ఉండేది. ప్రోగ్రామర్ల పదహారంకెల లెక్కలో దాన్ని ఈ5 అంటారు. సీపీ/ఎం అనే ఆపరేటింగ్ సిస్టమ్ రాసిన గ్యారీ కిల్డాల్ దాన్నే వాడుకున్నాడు. పట్టీ మొదట్లో 229 ఉంటే అది ఖాళీ అన్నాడు. దాంతో కొత్త ఫ్లాపీని సిద్ధం చేసే పనే లేకుండా పోయింది, పెట్టెలోంచి తీసేసరికే అది ఖాళీ జాబితా! 1980లో టిమ్ ప్యాటర్సన్ 86-డాస్ రాస్తూ ఫ్యాట్ పట్టికను మైక్రోసాఫ్ట్ బేసిక్ నుంచి, ఈ 229ని సీపీ/ఎం నుంచి తెచ్చుకున్నాడు. అదే తర్వాత ఎంఎస్-డాస్ అయింది. జపాన్‌లో దీనికి చిక్కొచ్చింది. వాళ్ల కంజి అక్షరాల్లో కొన్నిటికి మొదటి బైటు 229యే. అలాంటి పేరున్న ఫైల్ పుట్టీ పుట్టగానే డిలీట్ అయినట్టు కనపడుతుంది. అందుకని అలాంటి చోట 229 బదులు 5 రాసి, చదివేటప్పుడు మళ్లీ 229గా తీసుకోవాలని డాస్‌లో ఒక అతుకు వేశారు. ఆ అతుకు ఇప్పటికీ ఫ్యాట్ నియమాల్లో ఉంది.

ఈ బద్ధకపు చెరపడం మీదే పీటర్ నార్టన్ వ్యాపారం కట్టాడు. 1982లో ఆయన అన్‌ఇరేజ్ అనే ప్రోగ్రామ్ తెచ్చాడు. చేతులు కట్టుకుని నిలబడ్డ ఆయన ఫొటో పెట్టెల మీద చూసినవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. తర్వాత డాస్‌లోనే అన్‌డిలీట్ అనే కమాండ్ వచ్చింది. అది పోయిన ఫైళ్ల పేర్లు చూపించేది, కానీ ప్రతి పేరుకూ ముందు ఒక ప్రశ్నార్థకం! 'మొదటి అక్షరం ఏంటి?' అని అడిగేది. అది మనం చెబితే మిగతాది అది చూసుకునేది. ముక్కల గడులు సున్నాలయ్యాయి కాబట్టి, ముక్కలన్నీ పక్కపక్కనే ఉన్నాయనుకుని జోడించేది. అవి చెల్లాచెదురుగా ఉంటే మీ ఉత్తరం మధ్యలోకి ఇంకెవరి లెక్కలో వచ్చి పడేవి. పొరపాటున ఫొటోలు డిలీట్ అయితే కార్డు వాడటం ఆపేయమని మొబైల్ షాపు వాళ్లు చెప్పేదీ ఇందుకే. కొత్త ఫొటో తీస్తే అది పాతదాని నెత్తిన కూర్చోవచ్చు. రికవరీ సాఫ్ట్‌వేర్‌ని అదే డ్రైవ్‌లో ఇన్‌స్టాల్ చేసుకునేవాళ్లని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

మనకి దొరికేది పరాయివాళ్లకీ దొరుకుతుంది. సిమ్సన్ గార్ఫింకెల్, అభి షెలాట్ అనే ఎంఐటీ విద్యార్థులు సెకండ్‌హ్యాండ్ హార్డ్‌డిస్కులు 158 కొని వెతికారు. 2003లో ప్రచురించిన వాళ్ల వ్యాసం చదివితే, వేల క్రెడిట్ కార్డు నంబర్లు, వైద్య వివరాలు, ప్రేమలేఖలు అన్నీ వాటిలో దొరికాయని తెలుస్తుంది. దీనికి విరుగుడుగా పైన మళ్లీ మళ్లీ రాసి చెరిపే ప్రోగ్రాములు అప్పటికే ఉన్నాయి. ఎన్నిసార్లు రాయాలి? ఆక్లాండ్‌కి చెందిన పీటర్ గట్‌మన్ 1996లో అయస్కాంతపు ఆనవాళ్ల మీద రాసిన వ్యాసంలో ముప్పై అయిదు వరసలు ఇచ్చాడు. అప్పట్లో వాడుకలో ఉన్న రకరకాల డిస్కులన్నిటికీ కలిపిన లెక్క అది. జనం దాన్ని మంత్రంలా పట్టుకుని ఒక్కో డిస్కు మీద ముప్పై అయిదుసార్లూ జపించారు. ఎవరూ అన్నిసార్లు చేయనక్కర్లేదని తర్వాత ఆయనే విసుక్కుని రాశాడు. ఇప్పటి హార్డ్‌డిస్కుకి ఒక్కసారి చాలు.

ఫ్లాష్ మెమరీ వచ్చి ఈ లెక్కలన్నీ తారుమారు చేసింది. ఎస్ఎస్‌డీలో రాసినచోటే మళ్లీ రాయడం కుదరదు. చిప్ అరిగిపోకుండా లోపలి కంట్రోలర్ కొత్త రాతని ఇంకో చోటికి పంపుతుంది, పాతది ఎక్కడో మిగులుతుంది. మరోపక్క ట్రిమ్ అనే ఆదేశం వెళ్తే, పనికిరాదన్న ముక్కలని కంట్రోలరే తీరిక చూసుకుని తుడిచేస్తుంది. అంటే పోవాలనుకున్నది మిగలొచ్చు, కావాలనుకున్నది పోనూవచ్చు! ఫోన్లవాళ్లు ఇంకో దారి పట్టారు. అంతా ముందే రహస్య లిపిలో రాసి, రీసెట్ చేసినప్పుడు తాళంచెవి ఒక్కటే నాశనం చేస్తారు. మిగిలేది అర్థంలేని బైట్లు.

కానీ ఆ తాళం ఎక్కువగా ఫోన్ లోపలి మెమరీకే. పక్కన దూర్చిన మెమరీ కార్డుకి మామూలుగా తాళం ఉండదు, ఫ్యాక్టరీ రీసెట్ దాని జోలికి పోదు. బకెట్లకీ స్టీలు సామానుకీ పాత ఫోన్ ఇచ్చేసేవాళ్లు కార్డు తీసుకుని మరీ ఇవ్వాలి. ముప్పై రెండు జీబీలు దాటిన కార్డుల్లో ఎక్స్‌ఫ్యాట్ ఉంటుంది. అందులో డిలీట్ కొడితే ఆ ఫైలు పట్టీలు ఒక్కోదానిలో ఒకే ఒక్క బిట్టు మారుతుంది. పేరులో మొదటి అక్షరం కూడా పోదు, కాబట్టి రికవరీ ప్రోగ్రామ్ ఇక మనల్ని ఏమీ అడగక్కర్లేదు.