ఈస్టు చెప్పిన సంతాన రహస్యం

రొట్టె పిండిని పొంగించే ఈస్టును తేలికగా చూడకండి. కంటికి ఆనని ఆ ఒక్క కణంలో 16 రకాల క్రోమోసోములు వున్నవి. వంశ లక్షణాలన్నీ ఆ దారాల మీదనే వ్రాసి వుంటాయి. ఒక్కొక్కప్పుడు రెండు దారాలు తెగి, దీని ముక్క దానికీ, దాని ముక్క దీనికీ అతుక్కుంటాయి. దాన్ని కనిపెట్టే విధానం గురించి ఈ మధ్య మదనపల్లె, పుంగనూరు, కుప్పంలలో ఉపన్యసించవలసి వచ్చింది. వూరికొక ప్రశ్న ఎదురైంది.

"అంత చిన్నదాంట్లో తెగిందీ అతికిందీ ఎట్లా తెలుస్తుంది సార్?" అన్నాడు మదనపల్లెలో ఒక బేకరీ యజమాని.

పూర్వం సంతానాన్ని బట్టి తెలుసుకునేవారు. మామూలు ఈస్టుకూ, ముక్కలు మారిన ఈస్టుకూ సంబంధం కలిపితే, ఆ జంట ఒక్కొక్క సంచిలో 4 బీజాలు పెడుతుంది. కొన్ని సంచుల్లో నాలుగూ బతుకుతాయి, కొన్నిటిలో రెండే, కొన్నిటిలో ఒక్కటీ దక్కదు. మొత్తం మీద సుమారు సగం నష్టం.

1984లో అమెరికాలో ష్వార్ట్జ్, కాంటర్ అనే శాస్త్రజ్ఞులు మరో ఉపాయం ప్రకటించారు. క్రోమోసోములను జెల్లీ పలకలో వుంచి, విద్యుత్తును మాటిమాటికీ దిక్కు మార్చి పంపితే చిన్నవి ముందుకు పోతాయి, పెద్దవి వెనకబడతాయి. ముక్క మారితే పొడుగు మారుతుంది, పలక మీద చార చోటు తప్పుతుంది. మారిన ముక్కలు రెండూ సమానమైతే మాత్రం ఇది చాలదు. అప్పుడు దారం మీది అక్షరాలు చదవవలసిందే. ఈస్టులోని సుమారు 1 కోటీ 20 లక్షల అక్షరాలను 1996 నాటికి చదివేశారు.

"మా ఆవులక్కూడా ఇట్లా అవుతుందా?" అన్నాడు పుంగనూరులో పొట్టి ఆవులు పెంచే రైతు.

ఆవుకు 60 క్రోమోసోములు. స్వీడన్ పశువులు కొన్నింటిలో 1వ, 29వ క్రోమోసోములు అతుక్కుపోయి వున్నాయని 1964లో తెలిసింది. అటువంటి ఆవు ఆరోగ్యంగానే వుంటుంది, పాలిస్తుంది. చూలు నిలవడంలో మాత్రం కొంత వెనకబడుతుంది.

కుప్పంలో అందరూ వెళ్ళేదాకా ఆగి ఒక తల్లి మెల్లగా అడిగింది: "మా పాపకు మూడుసార్లు కడుపు నిలవలేదయ్యా. అత్తగారింట్లో దాన్నే దెప్పుతున్నారు. ఇదేమైనా కారణమా?"

కావచ్చు, కాకపోవచ్చు, కారణాలు చాలా వుంటాయన్నాను. మనుషుల్లో సుమారు 500 మందికి ఒకరిలో ఇలా ముక్కలు తారుమారై వుంటాయి. సాధారణంగా వారికి ఏ జబ్బూ వుండదు. గర్భాలు పోవచ్చు. ఆరోగ్యవంతులైన బిడ్డలను కన్నవారూ ఎందరో వున్నారు. రక్తపరీక్ష చేస్తే తెలుస్తుంది, దంపతులిద్దరికీ చేయాలి.

"అల్లుడికి కూడానా?" అన్నదామె ఆశ్చర్యంగా.

"అవునమ్మా. ఈస్టులోనైనా ముక్క మారినది ఏ పక్షంలోనైతేనేం, సంచిలో దక్కేవి అన్నే!" అన్నాను.